తినని బిడ్డ చెప్పలేని మాట

ఇంట్లో ఆడపిల్ల సరిగా తినకపోతే పెద్దలు వెంటనే కారణాలు వెదుకుతారు. ఎండదెబ్బ అంటారు. కడుపులో నులిపురుగులేమో అంటారు. నజర్ తగిలిందని నానీ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తుంది. ఎవరో చెబితే తావీజు కట్టిస్తారు. పెళ్ళీడు పిల్ల అయితే, సన్నబడాలని చూస్తోందిలే అని నవ్వి ఊరుకుంటారు. ఇవేవీ కావని తేలాక చివరికి మొండితనం అని ముద్ర వేస్తారు. అడగవలసిన ప్రశ్న ఒకటి మాత్రం చాలా ఇళ్ళలో మిగిలిపోతుంది. 'బేటీ, నీ మనసుకు ఏదైనా దెబ్బ తగిలిందా?' అన్నదే ఆ ప్రశ్న.

తిండికీ మనసుకు తగిలిన గాయానికీ సంబంధం ఉందా అని చాలామందికి అనుమానం రావచ్చు. ఉందని చెప్పడానికి నేడు గట్టి ఆధారాలున్నాయి. ఆ ఆధారాలను కూడగట్టిన వారిలో అమెరికాకు చెందిన క్లినికల్ సైకాలజిస్టు డీన్ కిల్‌పాట్రిక్, ఆయనతో కలిసి పనిచేసిన బానీ డాన్‌స్కీ ముఖ్యులు. వారి పరిశోధన ఏమిటో, అందులో మన కుటుంబాలకు పనికివచ్చే సంగతులేమిటో తెలుసుకుందాం.

మూడు రూపాల్లో ఒక వ్యాధి

తిండికి సంబంధించిన మానసిక వ్యాధులు ప్రధానంగా మూడు. మొదటిది అనొరెక్సియా నెర్వోసా. దీని బారిన పడినవారు తిండి తగ్గించి తగ్గించి ఎముకల గూడులా తయారవుతారు. అయినా తాము సన్నబడ్డామని ఒప్పుకోరు. 1873 ప్రాంతంలో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లసేగ్ అనే వైద్యులు దీనిని వేర్వేరుగా వర్ణించారు. రెండవది బులీమియా నెర్వోసా. చాటుగా విపరీతంగా తినడం, తరువాత గొంతులో వేలు పెట్టుకుని వాంతి చేసుకోవడం, లేదా విరేచనాల మందులు మింగడం దీని లక్షణం. లండన్‌కు చెందిన వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 1979లో దీనికి ఈ పేరు పెట్టారు. మూడవది బింజ్ ఈటింగ్. ఇందులో వాంతులు ఉండవు. ఆకలి లేకపోయినా అదుపు తప్పి తింటూ పోవడం, తరువాత సిగ్గుతో కుమిలిపోవడం ఉంటుంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది.

వీటిని డబ్బున్నవారి సరదా జబ్బులని కొట్టిపారేయడానికి వీల్లేదు. మానసిక వ్యాధులన్నిటిలో ప్రాణనష్టం ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. పదేపదే వాంతి చేసుకుంటే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే అమ్మాయి కూడా ఉన్నట్టుండి కుప్పకూలవచ్చు.

చార్లెస్టన్‌లో మొదలైన ప్రశ్న

అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో చార్లెస్టన్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడి వైద్య విశ్వవిద్యాలయంలో కిల్‌పాట్రిక్ పనిచేశారు. 1974లో ఆ రాష్ట్రంలో అత్యాచార బాధితుల కోసం తొలి సహాయ కేంద్రం ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. బాధితుల మాటలు విన్న కొద్దీ ఆయనకు ఒక విషయం స్పష్టమైంది. పోలీసుల లెక్కల్లో ఉన్నవారి కంటే ఆ లెక్కల్లోకి రానివారే ఎక్కువ. ఫిర్యాదు చేయనివారి సంగతి తెలుసుకోవాలంటే వారి ఇంటికే వెళ్ళి అడగాలి. కానీ ఎలా అడగాలి?

ఆయన బృందం ఒక మార్గం ఎంచుకుంది. దేశమంతటి నుంచి శాస్త్రీయంగా ఎంపిక చేసిన 4,008 మంది వయోజన మహిళలతో టెలిఫోనులో మాట్లాడించారు. 'మీ మీద అత్యాచారం జరిగిందా' అని ఒక్క మాటలో అడగలేదు. ఆ పదం వినగానే చాలామంది కాదనేస్తారు. తెలిసినవాడు చేసిన దానిని, భర్త చేసిన దానిని ఆ పేరుతో పిలవడానికి మనసొప్పదు. అందుకే ఏం జరిగిందో మామూలు మాటల్లో వివరించి, అలాంటిది ఎప్పుడైనా ఎదురైందా అని అడిగారు. దీనినే నేషనల్ విమెన్స్ స్టడీ అంటారు.

1992లో వెలువడిన ఫలితాలు అమెరికాను నివ్వెరపరచాయి. నూటికి 13 మంది, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బలవంతపు అత్యాచారానికి గురయ్యారు. అలాంటి సంఘటనల్లో నూటికి 29 బాధితురాలికి పదకొండేళ్ళు నిండకముందే జరిగాయి. మరో 32 పదకొండు నుంచి పదిహేడేళ్ళ లోపు జరిగాయి. ముక్కూ మొహం తెలియనివారు చేసినవి నూటికి 22 మాత్రమే. తక్కినవన్నీ తెలిసినవారు, బంధువులు, ఇంట్లోకి రాకపోకలు ఉన్నవారు చేసినవి. పోలీసుల దాకా వెళ్ళినవి నూటికి 16. మిగతా 84 మంది నోరు మూసుకుని బతికారు.

నోరు మూసుకున్నంత మాత్రాన గాయం మానదు. అత్యాచారానికి గురైన మహిళల్లో నూటికి 31 మందికి తరువాత పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే వ్యాధి వచ్చినట్టు ఈ సర్వే తేల్చింది. పి.టి.ఎస్.డి. అని పిలిచే ఈ వ్యాధిలో జరిగిపోయిన సంఘటన పీడకలగా, పట్టపగలే కళ్ళముందు దృశ్యంగా తిరిగి తిరిగి వస్తుంది. చిన్న చప్పుడికే ఉలికిపడతారు. దానిని గుర్తుచేసే చోట్లకు, మనుషులకు దూరంగా తొలగిపోతారు. క్రమంగా ఏ సంతోషమూ అంటనంతగా మనసు మొద్దుబారిపోతుంది.

తిండి దగ్గర బయటపడిన గాయం

ఇదే అధ్యయనంలో మరో విడత ఇంటర్వ్యూలలో 3,006 మంది మహిళలను తిండి అలవాట్ల గురించి కూడా అడిగారు. ఆ సమాధానాలను బానీ డాన్‌స్కీ, మానసిక వైద్యుడు టిమోతీ బ్రూవర్టన్, కిల్‌పాట్రిక్, పాట్రిక్ ఓనీల్ కలిసి విశ్లేషించి 1997లో ప్రచురించారు.

బులీమియా ఉన్న మహిళల్లో నూటికి దాదాపు 27 మంది జీవితంలో అత్యాచారానికి గురయ్యారు. తిండి వ్యాధులు లేనివారిలో ఈ సంఖ్య 13. తీవ్రమైన దెబ్బలు, దౌర్జన్యం ఎదుర్కొన్నవారు బులీమియా ఉన్నవారిలో నూటికి దాదాపు 27 మంది, లేనివారిలో 9 మంది లోపే. ఎప్పుడో ఒకప్పుడు పి.టి.ఎస్.డి. వచ్చినవారు బులీమియా ఉన్నవారిలో 37 మంది, లేనివారిలో 12 మంది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. బులీమియా ఉన్నవారిలో నలుగురికి ముగ్గురు అత్యాచారానికి గురైనవారు కారు. అందువల్ల పిల్ల తినడం లేదనగానే ఇంట్లో ఎవరో ఏదో చేశారని అనుమానపడటం తప్పు. తిండి వ్యాధులకు వంశపారంపర్య లక్షణాలు, స్వభావం, డైటింగ్, శరీరం గురించి నలుగురూ చేసే ఎగతాళి, ఇలా అనేక కారణాలు కలుస్తాయి. అయితే ప్రతి నలుగురిలో ఒకరు అలాంటి గాయాన్ని మోస్తున్నప్పుడు, అసలు ఆ ప్రశ్నే అడగకుండా వైద్యం చేయడం కూడా తప్పే. ఈ పరిశోధన మనకు నేర్పే పాఠం ఇదే. నిర్ధారణకు తొందరపడకూడదు. అడగడానికి వెనుకాడకూడదు.

గాయం తిండిలోకి ఎలా వస్తుంది?

మనసులోని దెబ్బ అన్నం కంచం దగ్గరే ఎందుకు బయటపడుతుంది? దీనికి పరిశోధకులు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి.

ఒకటి, అదుపు. తన శరీరం మీద తనకు అధికారం లేదని ఒకసారి అనుభవించిన పిల్లకు, నోట్లోకి ఏం వెళ్ళాలో నిర్ణయించే హక్కు ఒక్కటే మిగిలినట్టనిపిస్తుంది. రెండవది, మరపు. టాడ్ హీదర్టన్, రాయ్ బామైస్టర్ అనే మనస్తత్వవేత్తలు 1991లో ఒక వివరణ ఇచ్చారు. తన గురించిన బాధాకరమైన ఆలోచనల నుంచి పారిపోవడానికి మనిషి అదుపు తప్పి తింటాడని, తింటున్న ఆ కొద్దిసేపు వేరే ఏదీ గుర్తురాదని వారన్నారు. మూడవది, అసహ్యం. అపవిత్రమైపోయాననే భావన పేరుకుపోయిన అమ్మాయికి వాంతి చేసుకోవడం కడుక్కోవడంలా అనిపించవచ్చు. నాలుగవది, రక్షణ. ఎవరి చూపూ తన మీద పడకుండా ఉండాలని కొందరు ఎముకల గూడుగా మారతారు, మరికొందరు లావెక్కుతారు.

ఈ నాలుగవ సంగతి బయటపడింది కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో. అక్కడ విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు 1980లలో స్థూలకాయులకు బరువు తగ్గించే కేంద్రం నడిపారు. చక్కగా బరువు తగ్గుతున్నవారే మధ్యలో వైద్యం మాని వెళ్ళిపోవడం ఆయనకు అర్థం కాలేదు. ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడగా, వారిలో చాలామంది బాల్యంలో లైంగిక హింసకు గురైనవారని తెలిసింది. లోకం దృష్టిలో సమస్యగా ఉన్న ఆ లావు, వారికి మాత్రం ఒక గోడ. ఆ గోడ కూలుతుంటే వారు భయపడ్డారు. ఈ అనుభవంతో ఆయన రాబర్ట్ ఆండా అనే పరిశోధకునితో కలిసి 17,000 మందికి పైగా ప్రజల బాల్యాన్ని, ఆరోగ్యాన్ని పరిశీలించారు. 1998లో తొలి ఫలితాలు వచ్చాయి. బాల్యంలో పడిన కష్టాలు ఎన్ని రకాలుగా పెరిగితే, పెద్దయ్యాక కుంగుబాటు, తాగుడు, ఆత్మహత్యాయత్నం అంతగా పెరిగినట్టు ఆ అధ్యయనం చూపింది.

ఆకలి కూడా మనసును మారుస్తుంది

కారణం ఏదైనా, ఒకసారి శరీరం పస్తులకు అలవాటుపడితే ఆ ఆకలే మరో వ్యాధిగా తయారవుతుంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు వారి అంగీకారంతో ఆరు నెలలపాటు సగం తిండి పెట్టి చూశారు. వారికి మునుపు ఏ మానసిక వ్యాధీ లేదు. బరువులో నాలుగోవంతు కోల్పోయేసరికి వారు పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించసాగారు. వంటల పుస్తకాలు పోగుచేశారు. చిరాకు, కుంగుబాటు వచ్చాయి. స్నేహితులకు దూరమయ్యారు. తిరిగి తిండి దొరికాక కొందరు ఎంత తిన్నా తృప్తిపడలేకపోయారు.

దీనిని బట్టి వైద్యులు ఒక క్రమం పాటిస్తారు. బక్కచిక్కిన బిడ్డకు ముందు శరీరాన్ని నిలబెట్టాలి. ఆకలితో మొద్దుబారిన మెదడు తన గాయం గురించి మాట్లాడలేదు. అలాగని చాలాకాలం పస్తులున్న బిడ్డకు ఒక్కసారిగా ఎక్కువ తినిపించడం కూడా ప్రమాదమే. రక్తంలోని లవణాలు తారుమారై గుండెకు ముప్పు రావచ్చు. ఈ పని వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

మన ఇళ్ళలో దాని ముఖం వేరు

'లావైపోతానేమోనని భయం' అని పిల్ల చెబితేనే ఇది ఆ వ్యాధి అనుకోకూడదు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 1993లో ప్రచురించిన పరిశోధనలో అనొరెక్సియా ఉన్న చైనా రోగుల్లో సగానికి పైగా లావు భయం గురించి మాట్లాడనేలేదు. కడుపు ఉబ్బరంగా ఉంది, ఆకలి లేదు, తినాలని లేదు అనే మాటలే వారినుంచి వచ్చాయి. మన దేశంలోనూ వైద్యులు ఇలాంటి రోగులను చూశారు. అందువల్ల ఇక్కడి బిడ్డలు ముందు కడుపు డాక్టరు దగ్గరికి, తరువాత దర్గా దగ్గరికి వెళతారు. మానసిక వైద్యుని దగ్గరికి చివర్లో వస్తారు. ఆ సరికి విలువైన కాలం గడిచిపోతుంది.

మన కుటుంబాల్లో గమనించవలసిన మరో సందర్భం రమజాన్. తినకపోవడానికి అందరూ గౌరవించే కారణం దొరికే నెల అది. వ్యాధి ఉన్న పిల్ల సహరీకి లేవదు, లేచినా మంచినీళ్ళు తాగి పడుకుంటుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని నమాజు పేరుతో గదిలోకి వెళ్ళిపోతుంది. పండుగ అయిపోయాక కూడా రోజాలు ఆపదు. ఇంటిల్లిపాదీ ఆమె భక్తిని మెచ్చుకుంటారు. రోజాల కాలంలో కౌమార వయసు పిల్లల్లో ఈ వ్యాధి మొదలైన, ముదిరిన సందర్భాలను టర్కీ వైద్యులు 2014లో వైద్య పత్రికలో వివరించారు.

రోజా వల్ల వ్యాధి వస్తుందని దీని అర్థం కాదు. కోట్లాది మంది ఆరోగ్యంగా రోజా పాటిస్తున్నారు. కానీ వ్యాధిగ్రస్తులకు మినహాయింపు ఉందని, కోలుకున్నాక ఆ రోజులు పూర్తిచేసుకోవచ్చని దివ్య ఖుర్ఆన్ రెండవ సూరాలోనే ఉంది. ఆ వెసులుబాటు జ్వరానికి, చక్కెర వ్యాధికి వర్తిస్తుందని ఒప్పుకునే మనం, మనసుకు సంబంధించిన ప్రాణాంతక వ్యాధి దగ్గరికి వచ్చేసరికి సందేహిస్తాం. డాక్టరు వద్దన్నప్పుడు, ఆ మాట తెలిసిన ఆలిమ్ చేత కూడా బిడ్డకు చెప్పించండి. పాపం చేస్తున్నాననే భయం తొలగితే సగం బరువు దిగుతుంది.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

కొన్ని గుర్తులు కనిపెట్టి ఉండాలి. నలుగురితో కలిసి తినకపోవడం, దస్తర్‌ఖాన్ దగ్గర ఏదో ఒక సాకు చెప్పడం, తిన్న వెంటనే బాత్‌రూముకు వెళ్ళి కుళాయి తిప్పి ఉంచడం, చేతివేళ్ళ కణుపుల మీద పళ్ళ గాట్లు, నెలసరి ఆగిపోవడం, ఎప్పుడూ చలి అనడం, వంటింట్లో తిండి మాయమవడం. వీటితోపాటు నిద్రలో ఉలికిపాటు, ఫలానా ఇంటికి వెళ్ళనని ఏడవడం, ఫలానా మనిషి వస్తే గదిలో దాక్కోవడం కనిపిస్తే మరింత శ్రద్ధ అవసరం. మగపిల్లలకు ఇవి రావనుకోవద్దు. వారూ హింసకు గురవుతారు, వారూ దాచుకుంటారు.

కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, నాడి మందగించడం, రక్తం కక్కడం, చచ్చిపోతాననే మాట, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మాట్లాడేటప్పుడు తిండితో మొదలుపెట్టవద్దు. 'ఒక్క ముద్ద తిను, నా మీద ఒట్టు' అనే బతిమాలటం, 'నీ వల్ల అమ్మీకి బీపీ పెరిగింది' అనే నింద, రెండూ పనిచేయవు. ఒంటరిగా ఉన్నప్పుడు, పక్కన కూర్చుని, 'కొన్నాళ్ళుగా నువ్వు దిగులుగా ఉన్నావు, ఏం జరిగినా నేను నీ వైపే' అని చెప్పండి. ఆ రోజే చెప్పకపోవచ్చు. తలుపు తెరిచి ఉందని మాత్రం ఆమెకు తెలుస్తుంది. అమ్మీతో చెప్పలేనిది ఖాలాతోనో, ఫుప్పూతోనో చెప్పవచ్చు. ఎవరితో చెప్పినా కోపం తెచ్చుకోవద్దు.

ఏదైనా జరిగిందని చెబితే, మొదటి మాట నమ్ముతున్నానన్నదే కావాలి. 'అప్పుడే ఎందుకు చెప్పలేదు', 'నువ్వెందుకు వెళ్ళావు' అనే ప్రశ్నలు రెండో గాయం చేస్తాయి. చెప్పనివారే నూటికి 84 మంది అని పైన చూశాం. బంధువు కదా, పరువు కదా, పెళ్ళి కావలసిన పిల్ల కదా అని ఆ మనిషిని మళ్ళీ గుమ్మం తొక్కనివ్వడం బిడ్డకు చేసే అన్యాయం. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరాల విషయంలో 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసిందే. పిల్లల పేరు, వివరాలు బయటపెట్టడాన్ని అదే చట్టం నిషేధించింది. కనుక పరువు పోతుందని భయపడి ఆగనవసరం లేదు. పిల్లల సహాయానికి 1098, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 నంబరు ఉన్నాయి. 2022లో మొదలైన టెలీ మానస్‌లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

వైద్యం ఉంది

సంతోషించవలసిన విషయం ఏమిటంటే ఈ రెండింటికీ వైద్యం ఉంది. చిన్న వయసు పిల్లల అనొరెక్సియాకు లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపొందిన పద్ధతిలో తల్లిదండ్రులే ప్రధాన సహాయకులు. బులీమియాకు ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అభివృద్ధి చేసిన మాటల వైద్యం బాగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. పి.టి.ఎస్.డి.కి ప్యాట్రీషియా రెసిక్ అనే క్లినికల్ సైకాలజిస్టు రూపొందించిన వైద్యం సాధారణంగా పన్నెండు విడతల్లో సాగుతుంది. 'తప్పంతా నాదే' అని మనసులో గడ్డకట్టిన నమ్మకాన్ని రోగి చేతనే పరీక్షింపజేసి కరిగించడం అందులోని కీలకం. తిండి వ్యాధిని ఒకరు, గాయాన్ని మరొకరు విడివిడిగా చూడకుండా, రెండింటినీ ఎరిగిన వైద్యులు కలిసి చూస్తే మేలు.

అన్నం పెట్టడంలో మన ఇళ్ళు ఎవరికీ తీసిపోవు. ఇంటికి వచ్చిన అతిథి కడుపు నిండకుండా వెళితే మనకు నిద్రపట్టదు. అదే శ్రద్ధ మన బిడ్డ మనసు మీద కూడా పెట్టాలి. ముద్ద దిగని గొంతులో ఒక మాట అడ్డుపడి ఉండవచ్చు. భయం లేకుండా ఆ మాట బయటికి వచ్చే చోటు ఇల్లే కావాలి.